ఆకుల పందిరి కింద పక్కింటి మామ్మ

మా పక్కింటి యూదు మామ్మ మొన్న శుక్రవారం పొద్దున్న పోయింది. రొట్టెలమ్మే ఆయన గేటు దగ్గర చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా ఈ మలాయా జార్జ్ టౌన్‌లో మా వీధి వీధంతా "ఎంత మంచి మనిషో" అని మొదలుపెట్టింది. మంచి మనిషేం కాదు. నోరు కత్తి. దాదాపు పదేళ్లు నన్ను ఆ కత్తితోనే కోసింది. అయినా ఆవిడ గురించి నేనే రాయాలి. ఆవిడకు నేను చేసినంత అన్యాయం ఈ వీధిలో ఇంకెవరూ చేయలేదు.

నేను కొత్తకోడలిగా వచ్చేనాటికి ఇక్కడ ఏడెనిమిది యూదు కుటుంబాలుండేవి. పండగేదైనా అందరూ మామ్మ ఇంటికే. పిల్లలకు వేషాలు కట్టి, రాణీ దుష్టమంత్రీ ఉన్న కథొకటి ఆడించేది. మంత్రి పేరు వినపడగానే చూసేవాళ్లంతా కాళ్లతో నేలను తన్ని గోల చేయాలి. పెద్దవాళ్లెవరైనా మొహమాటపడితే గరిటె చూపించేది. "గట్టిగా తన్ను, ఇల్లు నాది, నీది కాదు!" అని అరిచేది. నడుమెత్తు గోడకు ఇవతల నేను చెవులు మూసుకుని తిట్టుకునేదాన్ని.

నేనొచ్చిన తొలి ఏడే వాళ్ల పెరట్లో కొబ్బరాకులతో పందిరి లేచింది. ఇంట్లోంచి గిన్నెలు అందులోకి వెళ్తున్నాయి. అడవిలో దాగిన కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. నేను పుట్టింది సుంగై సిపుట్ రబ్బరు తోటలో. అక్కడ కంచె దాటి అన్నం ముద్ద పట్టుకెళ్తే అడవిలో వాళ్లకు పెడుతున్నారని జైల్లో వేసేవారు. మా చిన్నాన్నను అలాగే పట్టుకెళ్లారు. ఆకుల చాటుకు అన్నం వెళ్తుంటే నాకు ఇంకేం తోస్తుంది?

"ఎవులినో దాసినారు. రేపు మన మీదికొత్తాది," అన్నాను మా ఆయనతో.

"నీకేటి? నోరు మూసుకో లా," అన్నాడు, ఈ ఊరివాళ్ల మాదిరే చివర "లా" తగిలించి.

మూసుకోలేదు. సందు చివర కాపలా ఉన్న పోలీసుకు చెప్పాను.

పోలీసులొచ్చేసరికి పందిట్లో పాతికమంది భోంచేస్తున్నారు. ఆకులన్నీ పీకేశారు, బల్లలు తిరగేశారు. పులుసు నేలపాలైంది. ఎడారిలో తిరిగిన తమ పూర్వీకులను తలుచుకుంటూ ఏడు రోజులు ఆకుల కింద తినడం వాళ్ల ఆచారమని అప్పుడు తెలిసింది నాకు. పిల్లలు ఏడుస్తుంటే మామ్మ గోడ దగ్గరికొచ్చి, "నువ్వే," అంది. మా ఇద్దరి మధ్యా నడిచేది బజారు మలాయి భాష. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మర్నాడే మళ్లీ పందిరి లేచింది. ఈసారి గోడకానించి, గుమ్మం మా వంటింటి కిటికీకి ఎదురుగా. తర్వాత ఏటేటా అక్కడే. ప్రతి గిన్నె మూతా తీసి నా వైపు ఎత్తేది. "చూసుకో, ఇది చేప. ఇది వంకాయ. లోపలెవరూ దాక్కోలేదు." నేను కిటికీ రెక్క దబాల్న వేసేదాన్ని. తప్పు నాదని తెలుసు. ఒప్పుకుందామని మాట కూడగట్టుకున్నప్పుడల్లా ఆ గిన్నె లేచేది, నా పౌరుషమూ లేచేది.

మెర్డేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చింది. వీధంతా తోరణాలు కట్టాం. ఆ ముందూ వెనకా మామ్మవాళ్ల కుటుంబాలు ఒక్కొక్కటే సింగపూరుకీ ఆస్ట్రేలియాకీ ఓడెక్కాయి. పందిట్లో బల్లలు తగ్గుతూ వచ్చాయి. నిరుడు మామ్మ ఒక్కతే మిగిలింది.

పందిరి వేసిన మూడోరోజు మధ్యాహ్నం గోడ మీద టకటకా కొట్టింది.

"రా. ఈ పందిట్లో అతిథి లేకుండా నాకు ముద్ద దిగదు."

"నేనా?"

"ఇంకెవరున్నారు? అతిథంటే నచ్చినవాళ్లు కాదు, వచ్చినవాళ్లు."

వెళ్లాను. అన్నం, చేపల పులుసు వడ్డించింది. ఇన్నేళ్లూ మింగిన మాట అక్కడ కక్కేశాను. "ఆ రోజు చెప్పింది నేనే. భయమేసింది. తప్పు చేశాను."

"తెలుసు," అంది. "క్షమించలేదు. తిను."

నాకు కోపమొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. అంతలో వాన. ఆకాశం కనపడేలా పలచగా కప్పాలట ఆ పందిరి. చినుకులు తిన్నగా కంచాల్లో పడ్డాయి.

"వాన పడితే లోపలికి పోవచ్చు, మా శాస్త్రం ఒప్పుకుంటుంది. నువ్వూ మీ ఇంటికి పోవచ్చు," అంది.

ఆవిడ లేవలేదు. నేనూ లేవలేదు. పులుసు నీళ్లవుతుంటే ఇద్దరం తలలు వంచుకుని తింటూనే ఉన్నాం.