మా పేట హాలు తలుపు దగ్గర చీపురు

మా పేట హాలు ఉన్న చోట ఇప్పుడు కొబ్బరికాయలు రాసులు పోస్తున్నారు. పక్కనే ఒకాయన పార మొన పైకి పాతుకుని రోజంతా కాయల డొక్క ఒలుస్తుంటాడు. ఆటోలో అటుగా వెళ్లినప్పుడల్లా తల తిప్పుకుంటాను. అమలాపురం ఏసీ ఫంక్షన్ హాళ్లొచ్చి మన హాలుని చంపేశాయని ఊళ్లో అంటారు. కాలం మారిపోయిందంటారు. నేనూ ఇన్నాళ్లు తలూపుతూ వచ్చాను. కాలాన్ని అనడం తేలిక, అది తిరిగి ఒక్క మాటనదు. ఆ హాలుని పాడుచేసింది నేను.

మా అమ్మ తరం వాళ్లు కట్టుకున్న హాలు అది. ఆడవాళ్లు పగలంతా ఊడ్పుల్లో నడుం వంచి, సాయంత్రం ఏటిగట్టు దిగి రేవులోంచి తట్టలతో ఇసక మోసేవారట. మగవాళ్లు గోడలు లేపారు. పైన మంగుళూరు పెంకు, ముందు సిమెంటు అరుగు, రెండు రెక్కల తలుపు. అప్పటిదాకా మావాళ్లింట్లో పెళ్లంటే వీధిలో పందిరే. వాన పడేలా ఉంటే, మావాళ్లు ఎవరి చేలో పని చేస్తే ఆ రైతుగారి ధాన్యం కొట్టు అడగాలి. ఆయన కాదనేవారు కాదు, నిజం చెప్పుకోవాలి. కానీ అడగడానికి మా తాత వెళ్లి, గుమ్మం అవతల చెప్పులు విడిచి, ఆయన బయటికొచ్చేదాకా నిలబడాలి.

అందుకేనేమో, హాలు కట్టాక మావాళ్లు దానికి తాళం పెట్టలేదు, పెత్తందారునీ పెట్టలేదు. ఎవరింట్లో కార్యం ఉన్నా ముందురోజు సాయంత్రం వచ్చి హాలు ఊడ్చుకుని, ఈనెల చీపురు తలుపుకి ఆనించి వెళ్లేవారు. అంతే. చీపురు కనిపించిందంటే రేపు హాలు ఎవరికో కావాలన్నమాట. దాన్ని ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. పెళ్లిళ్లు, పెళ్లి ఖాయం చేసుకునే ప్రధానాలు, క్రిస్మస్ నాటకాల రిహార్సళ్లు, కుట్టు క్లాసులు, అన్నీ అలాగే జరిగాయి. వరదొచ్చి లంకలు మునిగిన ఏడాది మాత్రం, పిల్లల్నీ మేకల్నీ తోలుకొచ్చిన జనం ఊడవకుండానే లోపలికి దిగిపోయారు. నీళ్లు తీశాక ఊడ్చి, కడిగి మరీ వెళ్లారు.

ఇసక మోసినవాళ్లలో మా అమ్మకి పిన్ని ఒకావిడ. నేను చిన్నమ్మమ్మ అనేదాన్ని. అమ్మ చేలోకి పోతే నన్ను చంకనేసుకు తిరిగింది ఆవిడే. నేను బీఈడీ చేసి, టీచరునై, జుట్టు నెరుస్తున్నా ఆవిడకి నేను పాపనే. స్కూలు గేటు దగ్గర, పిల్లలందరూ చూస్తుండగా, "ఒసే పాపా, తిన్నావా?" అని కేకేసేది. నాకు తల కొట్టేసినట్టుండేది. నా పొగరు అలాంటిది.

ఆ రోజుల్లోనే మరమ్మతులు చూడ్డానికని పేటవాళ్లు కొత్తగా హాలు కమిటీ వేసి, నన్ను దానికి కార్యదర్శిని చేశారు. చదువుకున్నదాన్ని, ఒక పద్ధతి పెట్టాలనుకున్నాను. చీపురు చూసి హాలు వదులుకోవడం నాకు మొరటుగా తోచింది. రిజిస్టరు కొని స్కేలుతో గళ్లు గీశాను. రెండు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలని టైపు చేయించి నోటీసు బోర్డుకి అంటించాను. తాళం వేసి, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఊరిని ఉద్ధరించినంత సంబరపడ్డాను.

రెండో వారంలో మా హెడ్‌మాస్టరు గారి రిటైర్మెంటు సన్మానం వచ్చింది. దాన్ని హాల్లో పెట్టాలని రిజిస్టర్లో నేనే రాసుకున్నాను. ఆ శనివారం పొద్దున్న కుర్చీల వ్యానుతో వెళ్లేసరికి తలుపుకి ఆనించి చీపురుంది. అరుగు శుభ్రంగా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. మెట్టు మీద చిన్నమ్మమ్మ కూర్చుని ఉంది, పక్కన అరిటాకుల కట్ట.

"వచ్చేవా పాపా? తలుపు తియ్యి. ఇవాళ మనవరాలి ప్రధానం. నిన్న సాయంత్రం వచ్చేను, తాళం వేసుంది. లోపలికి వీలవ్వక అరుగు మట్టుకు ఊడ్చి చీపురెట్టేను" అంది.

"ఇవాళ హాలు ఖాళీ లేదు చిన్నమ్మమ్మా. ముందే వచ్చి రిజిస్టర్లో రాయించుకోవాలి" అన్నాను.

"చీపురెట్టేనే" అంది ఆవిడ మళ్లీ, నేను వినిపించుకోలేదేమోనని.

వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. మా స్కూలు టీచర్లు ఇద్దరు వీధిలో నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందు నేను తగ్గకూడదనుకున్నాను. వంగి, చీపురు తీసి గోడవారకి పడేసి, తాళం తీశాను.

చిన్నమ్మమ్మ లేచింది. ఆకుల కట్ట చంకన పెట్టుకుని, చీపురు ఏరుకుంది.

"ఆయ్. అలాగేనండి టీచరుగారు" అంది.

మా కోనసీమలో అండీ లేకుండా మాట సాగదు. బస్సు కండక్టరునీ అంటాం, కూరలమ్మే ఆవిడనీ అంటాం. కానీ ఎత్తుకు పెంచిన పెద్దావిడ మనల్ని గారూ అండీ అందంటే, ఇక మనం ఆ ఇంటి మనిషి కాదనే. అది నాకు అక్కడికక్కడే అర్థమైంది. అర్థమయ్యీ లోపలికి వెళ్లి కుర్చీలు వేయించాను.

ప్రధానం వీధిలో టార్పాలిన్ కింద జరిగింది. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. మగపెళ్లివారు ఇళ్ల చూరుల కింద గోడకి అంటుకుని నిలబడి, ఆకులు వేసే చోటు లేక ప్లేట్లు చేత్తో పట్టుకుని తిన్నారట. ఆ టైములో హాల్లో నేను సన్మానపత్రం చదువుతున్నాను. పెంకు మీద వాన చప్పుడుకి నా మాట వినబడదని గొంతు పెంచి చదివాను.

తర్వాత ఒకరిద్దరు దరఖాస్తులు తెచ్చారు. మా గుమ్మం అవతల చెప్పులు విడిచి, నేను బయటికొచ్చేదాకా నిలబడ్డారు. రైతుగారి గుమ్మంలో మా తాత నిలబడింది ఇలాగేనని నాకు అప్పుడు తట్టలేదు. ఎవరినీ అడగనక్కర్లేని చోటు ఒకటుండాలని వాళ్లు ఇసక మోశారు. నేను దాన్ని మళ్లీ అడిగి పుచ్చుకునేదాన్ని చేశాను. మెల్లగా అందరూ రావడం మానేశారు. నాతో ఒక్కరూ దెబ్బలాడలేదు. దెబ్బలాడినా బాగుండేది. కొన్నేళ్లకి నాకే సిగ్గేసి తాళం తీసేశాను, నోటీసు చింపేశాను. చీపురు పెట్టడానికి ఎవరూ రాలేదు. పెంకులు జారాయి, వాసాలకి చెద పట్టింది.

పోయినేడు పంచాయతీవాళ్లు దాన్ని పడగొట్టాలని తేల్చారు. ముందురోజు చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. తొంభై దాటాయి, చూపు సరిగ్గా ఆనదు. ఇరవై ఏళ్లుగా ఎక్కడ ఎదురుపడినా, "బాగున్నారాండి టీచరుగారు" అని నవ్వుతూనే పలకరించేది. నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"ఆ రోజు నేను చీపురు తియ్యకూడదు. తప్పు చేశాను చిన్నమ్మమ్మా."

"ఎప్పటి మాటండి అది. కింద కూచున్నారేటి, కుర్చీ వేసుకోండి."

"ఒక్కసారి పాపా అను."

ఆవిడ అనబోయింది, నేను చూశాను. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. "అలవాటు తప్పిపోయిందండి" అని నా చెయ్యి తడిమింది. కోపమే అయితే కాళ్లు పట్టుకునైనా పోగొట్టుకునేదాన్ని. అలవాటు తప్పినదానికి ఏం చెయ్యాలో తెలీక అక్కడే కూర్చుని ఏడ్చాను.

కాసేపటికి ఆవిడే అడిగింది. "రేపు పడగొట్టేత్తారంట కదండీ. హాలు ఊడ్చేరా మరి?"

అప్పుడు తెలిసింది, ఆ హాలుని నేను నా జన్మలో ఒక్కసారి కూడా ఊడవలేదని.

ఆవిడ చీపురే అడిగి తీసుకుని ఆ సాయంత్రమే వెళ్లాను. పెంకుముక్కలు, చెదమట్టి, గబ్బిలాల రెట్ట, అన్నీ ఎత్తిపోసేసరికి నడుం పట్టేసింది. చీపురు తలుపుకి ఆనించి ఇంటికొచ్చాను. పొద్దున్నే మళ్లీ వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. కూల్చే మిషను వచ్చింది. దాని డ్రైవరు పి.గన్నవరం మనిషి, మా హాలు సంగతేమీ తెలీదు. దిగి తలుపు దాకా వెళ్లి, చీపురు చూసి ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"ఈ చీపురు తియ్యమంటారాండి?" అని అడిగాడు.

ఆ పాటి మాటైనా ఆ రోజు నేను చిన్నమ్మమ్మని అడగలేదు.