వెళ్ళైయమ్మాళ్ కాలు

ఒర్లియంపేటలో ఎవరికి నడుము పట్టేసినా ముందు వెళ్ళైయమ్మాళ్ గడపకే వచ్చేవాళ్లు. ఆమె తల్లి కడుపులోంచి కాళ్లు ముందుగా బయటపడ్డ మనిషి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుము మీద తంతే పట్టు వదులుతుందని ఆ వీధి నమ్మకం. మునిసిపాలిటీ చీపురుతో రోడ్లూడ్చే ఆమెకు ఇంకెక్కడా దొరకని మర్యాద ఆ కాలి వల్లే దొరికింది. పోలీసాయన కూడా ఒకసారి ఆమె ముందు బోర్లా పడుకున్నవాడే. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త పెరిగేది.

అలాంటిది ఒక వానాకాలం పొద్దున, చెత్త ఎత్తబోయి వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. తన నడుము తను తన్నుకోలేదు కదా. ముత్తియాల్‌పేటలో మునియన్ అని ఇంకో ఎదురుకాళ్లవాడు ఉన్నాడని విని ఆటోలో పోయింది. ఆయన తన పేరు నిలబెట్టుకోవాలని కాస్త గట్టిగానే తన్నాడు. నొప్పి నడుము దిగి పిక్క దాకా పాకింది.

"మంచం దిగొద్దక్కా, కదిలితే ఎముక జారిపోతాది," అంది పక్కింటి కుప్పమ్మాళ్.

ఆ మాటకు వెళ్ళైయమ్మాళ్‌కు వాళ్లమ్మ గుర్తొచ్చింది. ఆమె ఇట్లాగే నడుము నొప్పని మంచమెక్కి మళ్లీ దిగలేదు. తనకా గతి పట్టకూడదు. చీపురు పట్టుకుని మళ్లీ వీధిలో నిలబడాలి, అంతే.

కూతురు జయప్రియ ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ కాళ్లు ఎత్తించి, మడమల మీద నడిపించి చూసింది.

"ఆపరేషన్ చేస్తారా?" భయంగా అడిగింది వెళ్ళైయమ్మాళ్.

"ఇప్పుడు అవసరం లేదమ్మా. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కాలిలో బలం తగ్గినా, మూత్రం పోవడం కష్టమైనా వెంటనే రండి. మంచం మాత్రం పట్టొద్దు, నడవండి."

"ఈ నొప్పితోనా?"

"ఈ నొప్పితోనే, కొద్దికొద్దిగా."

నడిచింది. గోడ పట్టుకుని ఏడుస్తూ నడిచింది, డాక్టరమ్మను తిట్టుకుంటూ నడిచింది. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేయించే దీపా నేర్పిన వ్యాయామాలు చేస్తుంటే కుప్పమ్మాళ్ కిటికీలోంచి చూసి నవ్వేది. తగ్గిందనుకున్న నాడే మళ్లీ పట్టేసేది. అయినా మానలేదు. ఎండలు ముదిరేసరికి చీపురుకు పొడుగు కర్ర కట్టుకుని పనిలోకి దిగింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఆమెను పడుకోబెట్టే సత్తా దానికి పోయింది.

ఒక సాయంత్రం కుప్పమ్మాళే నడుము పట్టుకుని వచ్చి, చాప పరిచి బోర్లా పడుకుంది.

"ఒక్క తన్ను తన్నక్కా."

వెళ్ళైయమ్మాళ్ కాలెత్తింది. వీధిలో తనకున్న మర్యాదంతా ఆ కాలిదే. వదులుకోవాలంటే ప్రాణం ఉసూరుమంది. కానీ మునియన్ తన్ను గుర్తొచ్చింది. కాలు దించింది.

"ఇంక నేను ఎవుర్నీ తన్నను. లే."

"లేచి యాడికి పోయేది?"

"ముందు మడమల మీద నిలబడు, కాల్లో బలముండాదా చూస్తా. ఉంటే వీధి చివరి దాకా పోదాం. నా చెయ్యి పట్టుకో."

కుప్పమ్మాళ్ గొణుక్కుంటూనే చెయ్యందించింది. ఇద్దరూ మెల్లగా వీధిలోకి దిగారు.