చెంగమ్మ చెప్పింది, నేను రాసింది

నిన్న మనవరాలికి టీకా వేయించడానికి వెళ్లినప్పుడు, దూది మీది స్పిరిట్ వాసన తగలగానే కరుణమ్మ సిస్టర్ గుర్తుకొచ్చారు. అరవయ్యో దశకం మొదట్లో నేను నెల్లూరులో నర్సు శిక్షణలో ఉన్నప్పుడు మా ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆమెది. పొట్టి మనిషి, మెత్తటి గొంతు. ఆమె కేకలేయగా మేమెవరమూ వినలేదు.

ఆమె సెలవులో ఉన్న ఒక మధ్యాహ్నం, తడ దగ్గరి పల్లె నుంచి చెంగమ్మ అనే ఆవిడ ఏడేళ్ల కూతురు సుబ్బులును భుజాన వేసుకుని వచ్చింది. చేపలు పట్టే కుటుంబం. పిల్ల కాళ్లు రెండూ వేలాడుతున్నాయి. ఆ రోజుల్లో పోలియో పిల్లలు వరసగా వస్తున్నారు. చెంగమ్మ ఏదో చెబుతూనే ఉంది. నేను అలవాటు కొద్దీ “జ్వరం, తర్వాత కాళ్లు పడిపోయాయి” అని రాసేశాను. డాక్టరుగారు అది చూసి పోలియో అనే అనుకున్నారు.

మూడో రోజు కరుణమ్మగారు వచ్చి, మంచం పక్కన కూర్చుని, “మొదట ఏమైందమ్మా?” అని అడిగారు.

“జరమే రాలేదమ్మా. చేపలు ఎండేస్తా ఉన్నాం. వీపులో కత్తి దిగినట్టుందని అరిచి కూలబడింది. సాయంత్రానికి కాళ్లు పడిపోయినాయి. ఈయమ్మకీ ఇదే చెప్పినా,” అంటూ చెంగమ్మ నన్ను చూపించింది.

కరుణమ్మగారు పిల్లను పక్కకు తిప్పారు. వెన్ను మీద అరచేతంత ఎర్రటి మచ్చ, పుట్టుకతో వచ్చింది. వెంటనే డాక్టరుగారిని పిలిపించారు. నడుములో సూది దించితే, తేటగా రావలసిన నీరు నెత్తురై వచ్చింది. ఆ మచ్చ కిందే వెన్నులో పుట్టుకతోనే చిక్కుపడి ఉన్న రక్తనాళాలు చిట్లాయనీ, కారిన నెత్తురు నరాలను నొక్కేస్తోందనీ ఆయన చెప్పారు. పిల్లను ఆ రోజే రైల్లో మద్రాసు పంపించారు.

కరుణమ్మగారు నన్ను మందుల గదిలోకి పిలిచారు. “ఆ తల్లి చెప్పింది రాసినావా, నువ్వు అనుకున్నది రాసినావా?”

నేను ఏడ్చాను.

“నాకాడ ఏడిస్తే ఏం లాభం? ఆమె తిరిగొచ్చినాక ఆమెకే చెప్పు.”

రెండు నెలలకు వాళ్లు తిరిగొచ్చారు. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది, కాళ్లు రాలేదు. ముందే పంపి ఉంటే వచ్చేవా అని డాక్టరుగారిని అడిగితే, చెప్పలేనన్నారు. కరుణమ్మగారు పక్కన నిలబడి ఉండగా, నేను చేసిన తప్పు చెంగమ్మకు చెప్పాను. ఆమె తిట్టలేదు. “ఆ పొద్దు నువ్వు తలెత్తి నా మొకం కూడా చూళ్లేదమ్మా,” అంది. పిల్లను చంకనెత్తుకుని బస్సుకు వెళ్లిపోయింది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఏ తల్లి చెప్పింది రాసినా ఆమెకే చదివి వినిపించాను. “ఇంతేనా, ఇంకేమన్నా ఉందా?” అని అడిగాను. ఇది నాకు తెలిసి రావడానికి సుబ్బులు కాళ్లు పోవలసి వచ్చిందా అని ఒకసారి కరుణమ్మగారినే అడిగాను. ఆమె కొత్త కేసు కాగితం నా చేతికిచ్చి, గుమ్మం దగ్గర పిల్లతో నిలబడ్డ తల్లిని చూపించారు.