బావగారి నాలుగు సెకన్లు

మొన్న ఏలూరులో అక్కావాళ్లింటికి వెళ్తే వరండాలో కూర్చోమన్నారు. కూర్చోగానే సగం లోపలికి దిగిపోయాను. అది సోఫా కాదు, కారు వెనక సీటు. రెక్సిన్ చిరిగిన చోట అక్క పూలగుడ్డ వేసి కుట్టింది. దాని మీద కూర్చుని కాఫీ తాగుతుంటే, అది కారులోంచి వరండాలోకి వచ్చిన రోజులు గుర్తొచ్చి నవ్వాగలేదు.

మా బావగారికి కలిదిండి దగ్గర చేపల చెరువులుండేవి. అరవయ్యో ఏట వాటిని కౌలుకిచ్చేసి ఇంట్లో కూర్చున్నారు. కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఇరవై ఏళ్లు చెరువుగట్ల మీద తిరిగిన చిన్న కారు ఒకటి మిగిలింది. దాన్ని తుక్కుకిచ్చేయమని అందరూ పోరుతుంటే, ఆయన ఫోనులో వీడియోలు చూసి, చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద మామూలు మనుషులు కూడా సొంత కార్లు తోలుకోవచ్చని కనిపెట్టారు. "పోయే ముందు ఒక్కసారి మనసారా తోలాలి బావా" అన్నారు నాతో. పోయేది కారో, తానో చెప్పలేదు.

తాడేపల్లిగూడెంలో ఆయనకు నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు. ఇంజిన్ బలం పెంచమని బావగారు అడిగితే అతను బానెట్ మూసేసి, "ముందు ఆగడం చూసుకుందామండీ, పరుగు సంగతి తర్వాతండి" అన్నాడు. కొత్త బ్రేకు ప్యాడ్లు, ఎంత వేడికైనా తట్టుకునే బ్రేకాయిలు, గట్టి స్ప్రింగులు, మంచి టైర్లు వేశాడు. బరువు తగ్గించడానికి కార్పెట్లు పీకితే, కింద ఎండురొయ్యలు, చేపల మేత, ద్వారకా తిరుమలలో పోయిందనుకున్న అక్క చెవిదిద్దు దొరికాయి. దిద్దు దొరికిన సంతోషంలో అక్క మునిగి ఉండగానే, ఆమెకు చెప్పకుండా బావగారు వెనక సీటు కూడా పీకించేశారు. ఆ శనివారమే తోటికోడలితో ద్వారకా తిరుమల కొండకు బయల్దేరిన అక్కకు, వెనక తలుపు తీసి చూస్తే ఉత్త రేకు కనిపించింది.

ఆ రోజుతో బావగారితో అక్కకు మాటలు బంద్. అప్పట్లో నాది పక్కవీధి కావడం నా ఖర్మ. "తమ్ముడూ, మీ బావగారు ఉప్మా తింటారో, టైర్లు తింటారో కనుక్కో" అనేది, ఆయన ఎదురుగా ఉండగానే. ఆయన నా వంకే చూస్తూ, "ఉప్మాయేనని చెప్పు బావా" అనేవారు. నెలరోజులు ఆ ఇంట్లో ప్రతి మాటా నా మీదుగానే నడిచింది.

చివరికి కారు చేపల వ్యానెక్కింది, మేము రైలెక్కాం. అక్క కూడా వచ్చింది. చూడ్డానికి కాదట, ఏదైనా అయితే మనిషిని తీసుకురావడానికట. ట్రాకు దగ్గర కార్లు తనిఖీ చేసే పెద్దమనిషి కిందికి వంగి, ముక్కు మూసుకుని లేచాడు. అయినా బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయంటూ చీటీ అంటించాడు.

ట్రాకు మీద అందరూ బావగారిని దాటిపోయారు. ఆయన కోపగించుకోలేదు. పెళ్లివారిని లోపలికి పిలిచినట్టు చెయ్యి ఊపి ఒక్కొక్కరికీ దారిచ్చారు. అంతలో మలుపులో ముందు వెళ్తున్న కారు గిర్రున తిరిగి అడ్డంగా ఆగిపోయింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి. బావగారి కారు ముక్కు నేలకు వంచి, టైర్లు కీచుమనిపిస్తూ వచ్చి, జానెడు దూరంలో నిలబడింది. ఇక బయటికి వచ్చేస్తారనుకున్నాం. ఆయన ఆ కారు కదిలేదాకా ఓపిగ్గా ఆగి, మళ్లీ బయల్దేరారు. మొదటి చుట్టు కన్నా చివరి చుట్టు నాలుగు సెకన్లు తగ్గింది.

హెల్మెట్ తీసి, చెమటతో నిలబడిన మనిషి దగ్గరికి అక్క నేరుగా నడిచింది. నేను కబురు మోయడానికి సిద్ధపడ్డాను.

"ఏవండీ," అంది, "ఆ చివరి మలుపులో అంత ముందుగా బ్రేకేశారేమండీ? అందరూ మలుపు ముందున్న బోర్డు దాటాక వేస్తున్నారు. ఇంకో సెకను తగ్గేది కదా!"

బావగారు నా వంక చూడకుండా, నేరుగా ఆమెకే ఆ మలుపు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. నాకు ఉద్యోగం పోయింది.

అరవై దాటాక కాలం మన దగ్గర తీసుకుంటూ పోవడమే గానీ తిరిగివ్వదని అందరం అనుకుంటాం. ఆ మధ్యాహ్నం మాత్రం మా బావగారు దాని చేతిలోంచి నాలుగు సెకన్లు లాక్కొచ్చారు.