కుర్చీ మీది చీటీ

సెలూనాయన ఒంట్లో అన్నిటికన్నా ముందు ముసలివైనవి కాళ్లే. పొద్దున్నే దువ్వెన పట్టుకుని నిలబడ్డాడంటే చీకటి పడేదాకా కూర్చోడు. ఇంట్లో టీ కూడా గోడకు ఆనుకునే తాగుతాడు. మొన్నటి వానల్లో చనిపోయిన భార్య జపాన్ భాష నేర్చుకుంటూ ఇంటినిండా కంజీ చీటీలు, ఒక్కో అక్షరమే ఒక్కో మాటయ్యేవి, అంటించింది. అతను వాటిని పీకలేదు. ఏ వస్తువు మీదుంటే దాని పేరే అనుకుని, రోజూ దువ్వెన మొనతో గాలిలో దిద్దుకున్నాడు. ఆమెకు పాఠాలు చెప్పిన టీచరమ్మ ఆలస్యంగా పరామర్శకు వస్తే, చీటీలన్నీ చూపిస్తూ బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. "తలుపు. ఉప్పు. అద్దం. ఇది కుర్చీ."

"కుర్చీ కాదండీ," అందావిడ నెమ్మదిగా. "అలుపు తీర్చుకోవడం. సెలవు అని రాయాలన్నా ఈ అక్షరమే వాడతారు. ఎడమ పక్కది మనిషి, కుడి పక్కది చెట్టు. చెట్టుకి ఆనుకున్నాడు, చూడండి. 'మా ఆయన కూర్చోనే కూర్చోడు' అని మీ ఆవిడ చెప్పి నవ్వేది. మీకోసమే అంటించినట్టుంది."

అతను చీటీ మీదికి వంగాడు. తర్వాత బొటనవేలితో చెట్టును మూశాడు. మనిషి ఒక్కడే మిగిలాడు.

"కాసేపు కూర్చోండి," అంది టీచరమ్మ.

"అలవాటు లేదమ్మా," అన్నాడు వేలు తియ్యకుండానే.