అందరితో వరస కలిపిన అత్త

మా అత్త పోయింది. చేలు పొట్ట మీదున్న రోజుల్లో ఒక ఉదయం, బందరులో నేను బ్యాంకుకి బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే ఫోన్ మోగింది. చేసింది ఆమె పొలం కౌలుకి చేసే రైతు భార్య. "మేడంగారూ, వదిన పొద్దున లేవలేదండి. కాఫీ పట్టుకెళ్ళి పిలిచాను, పలకలేదు," అంది. మళ్ళీ ఆమే, "కోతలు చూడకుండానే వెళ్ళిపోయింది చూడండి," అంది. నాకూ ముందు తోచింది అదే. ఈ ఏడు కోతలయ్యాక గట్టు మీద నిలబడి వాళ్ళందరినీ ఎవరు పిలుస్తారు అని.

అత్త అన్నాను కదా అని మా నాన్న చెల్లెలో, మా ఆయన తల్లో అనుకోకండి. ఆమెకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. నాది గుడివాడ. బ్యాంకు ఉద్యోగంలో దివిసీమకి బదిలీ అయినప్పుడు, అవనిగడ్డ దాటాక సముద్రం వైపున్న ఒక ఊళ్ళో ఆమె ఇంట్లో ఒక వాటా అద్దెకి తీసుకున్నాను. సామాను దించిన రోజున, "ఆంటీ, మోటారు స్విచ్ ఎక్కడుందండీ?" అని అడిగాను. ఆమె స్విచ్ చూపించలేదు.

"ఆంటీ అనేది వరస కాదమ్మా. ఏ ఊరు మీది?"

"గుడివాడండి."

"ఇంకేం మరి. చిన్నప్పుడు నేను పెరిగింది గుడివాడ పక్కనే. ఆ ఊళ్ళ అన్నం తిన్నాను కాబట్టి నాకు పుట్టిల్లు అదే. నువ్వు నా పుట్టింటి పిల్లవి. అంటే మేనకోడలివి. అత్తా అను, స్విచ్ చూపిస్తా."

అన్నాను. నీళ్ళు కావాలి కదా.

ఆ ఊళ్ళో ఆమెకి వరస కుదరని మనిషి లేడు. కులం అడిగేది కాదు, ఇంటిపేరు అడిగేది కాదు. ఏదో ఒక సందు పట్టుకుని వరస లాగేది. గ్యాస్ బండ తెచ్చే అతను అల్లుడు. బందరు నుంచి మోపెడ్ మీద గాజులు అమ్ముకోవడానికి వచ్చే సాయెబు గారు తమ్ముడు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే మా మేనేజరు గారు మరిది. "మరిదిగారికి మీసమే గానీ మాట లేదు," అని ఆమె అంటే ఆయన చెవులదాకా ఎర్రబడి కంప్యూటర్లోకి తలదూర్చేవారు. మా ఆయన మొదటిసారి వచ్చినప్పుడు వినయంగా "బాగున్నారా అక్కా" అన్నారు. "నన్ను అక్కా అంటే ఈ పిల్ల నీకు కూతురవుతుందయ్యా, ఆలోచించుకో," అంది. మా ఆయన ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతారు.

ఒకసారి డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. పాసుపుస్తకం మీద ఉన్న పేరు పెట్టి కౌంటరులోంచి రెండు మూడుసార్లు పిలిచాను. పలకదు. విసుగొచ్చి "అత్తా!" అని కేకేస్తే తాపీగా లేచి వచ్చింది. "పేరుదేముందమ్మా, రేషను కార్డుకి కావాలి. మనిషిని పిలవడానికి వరస ఉండాలి," అంది. క్యూలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అది ఆమె చాదస్తం అని నేను అనుకున్నాను. మొదటి కోతలదాకా అలాగే అనుకున్నాను.

మా వైపు వరి కోయకముందే, చేను తడి మీద ఉండగానే మినుములు చల్లుతారు. కోత పూర్తయ్యేసరికి మోళ్ళ మధ్య మినుము మొలకలు తలెత్తి ఉంటాయి. కోత మిషను దిగితే అవి నలిగిపోతాయని అత్త పొలంలో ఇప్పటికీ మనుషులే కోస్తారు. పనలు ఆరాక, కట్టలు కట్టి కుప్ప వేసేశాక, ఆ మర్నాడు సాయంత్రం అత్త నా గుమ్మం ముందుకొచ్చి, "ఖాళీగా ఉంటే ఈ బిందె పట్టుకుని నా వెంట రా," అంది. అది తాగే నీళ్ళ బిందె. సముద్రం దగ్గర ఊరు కాబట్టి బోరు నీళ్ళు వాడకానికే పనికొస్తాయి, తాగే నీళ్ళు వేరే తెచ్చుకోవాలి. ఆ నీళ్ళు పొలానికి మోయడమేమిటో నాకు అర్థం కాలేదు.

పొలం గట్టు మీద ఆమె బాదం ఆకుల విస్తళ్ళు వరసగా పరిచింది. ముందే ఒక మోపు కంకులు దులిపి, రోట్లో దంచిన కొత్త బియ్యంతో అన్నం వండి తెచ్చింది. ఎండు రొయ్యలు వేసిన గోంగూర, చివర్న ఒక బెల్లం ముక్క. పసుపు లేదు, కుంకుమ లేదు, మంత్రం లేదు. "దీపమన్నా పెట్టవా అత్తా?" అన్నాను. "వెలుగుండగానే పిలుస్తున్నాగా," అంది. అన్నం వడ్డించే ముందు ప్రతి విస్తరి దగ్గరా గ్లాసు నిండా నీళ్ళు పోయించింది. "ఉప్పునీళ్ళు మింగి పోయినవాళ్ళమ్మా. ముందు మంచినీళ్ళు ఇవ్వాలి. తర్వాతే అన్నం."

అప్పుడు పిలవడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి నడవలో ఉన్నవాళ్ళని భోజనానికి పిలిచే గొంతుతోనే. "గళ్ళ తువ్వాలు తాతయ్యా, రండి. బాబాయ్, ఆ పలుపు అక్కడ పెట్టేసి రా, గొడ్లు ఎక్కడికీ పోవు. ఆకుపచ్చ గాజుల పిల్లా, రావే, నీకేంటి అంత సిగ్గు." అలా ఒక్కొక్కళ్ళనీ పిలుస్తూ విస్తళ్ళ వెంట నడిచింది. చివరి విస్తరి దగ్గర ఆగి, "పిన్నీ, ఎంతసేపని మోస్తావు, బిడ్డని ఇటివ్వు. నువ్వు తిను, నేను ఎత్తుకుంటా," అని రెండు చేతులూ చాచింది.

గాలి తప్ప ఎదురుగా ఏమీ లేదు. కానీ ఆ చేతులు మళ్ళీ వెనక్కి వచ్చినప్పుడు ఖాళీగా రాలేదని నాకు అనిపించింది.

ఆమె విస్తళ్ళకి వీపు పెట్టి, ఒళ్ళో కొంగు సర్దుకుని కూర్చుంది. నన్నూ అటే తిరిగి కూర్చోమంది. తర్వాత చేను వైపు చూస్తూ కబుర్లు చెప్పింది. ఎవరి పిల్లకి పెళ్ళి కుదిరింది, కాలవ నీళ్ళు ఎప్పుడు కట్టేశారు, ఏ మడిలో పంట పడిపోయింది. వింటున్నది నేను కాదని తెలుస్తూనే ఉంది. కాసేపటికి ఆగలేక, "కాకి ముట్టిందో లేదో చూడనా అత్తా?" అన్నాను.

"అన్నానికి పిలిచి, తింటున్నారా లేదా అని తొంగి చూస్తావా? ఏం మర్యాద అది?" అంది.

తిరిగి వస్తుంటే దారిలో అడిగాను, వాళ్ళంతా ఎవరని.

"ఎవరో నాకేం తెలుసు," అంది.

తర్వాత చెప్పింది. ఉప్పెన వచ్చినప్పుడు ఆమె పరికిణీలు కట్టుకునే పిల్ల. అమ్మ, నాన్న, తమ్ముడు నీళ్ళలో పోయారు. ఈమె తాడిచెట్టుకి చిక్కుకుని మిగిలింది. బడి వరండాలో కూర్చోబెట్టారట. శవాలు దొరికినప్పుడల్లా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించేవారట, మీ వాళ్ళేమో చూడమని. భుజాన గళ్ళ తువ్వాలుతో ఒక ముసలాయన. గొడ్డుని కట్టే పలుపుతాడు చేతికి చుట్టుకుని, పోయాక కూడా వదలని ఒక మనిషి. చేతుల నిండా ఆకుపచ్చ గాజులతో ఒక పిల్ల. బిడ్డని కొంగుతో నడుముకి కట్టుకున్న ఒక తల్లి. ఒక్కొక్కరినీ చూసి ఈమె "కాదు" అనేదట.

"కాదనంగానే తీసుకెళ్ళిపోయేవాళ్ళమ్మా. నేను కాదన్నందుకే వాళ్ళకి ఎవరూ లేకుండా పోయారనిపించేది. ఆ తర్వాత గుడివాడ వైపు చుట్టాలు తీసుకెళ్ళి పెంచారనుకో. పెళ్ళయ్యి మళ్ళీ ఈ సీమకే వచ్చాను. మొదటి పంట ఇంటికొచ్చిన రోజున కంచం ముందు కూర్చుంటే ఒక్కొక్కళ్ళే కళ్ళ ముందుకొచ్చారు. ఆనాడు కాదన్నాను. ఈనాడు అవునంటే నా సొమ్మేం పోయింది? అందుకని వరస కలుపుకున్నా."

"మరి మీ అమ్మానాన్నల్ని పిలవలేదేం?"

అత్త నడుస్తూనే చెప్పింది. "వాళ్ళు దొరకలేదు. ఎక్కడికో కొట్టుకుపోయి ఉంటారు. ఆ ఊళ్ళో నాలాంటిది ఎవరో ఒకతె వరస కలుపుకుని పిలుస్తూనే ఉంటుంది. నేనూ పిలిస్తే ఎటు వెళ్ళాలో తెలియక ఇబ్బంది పడరూ?"

నేను ఖాళీ బిందె పట్టుకుని దారి మధ్యలో నిలబడిపోయాను. మా ఇంట్లో తద్దినాలు తిథి తప్పకుండా జరుగుతాయి. దర్భ ఎటు ఉండాలో, నువ్వులు ఎక్కడ పడాలో మా నాన్నగారికి ప్రాణంతో సమానం. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. మోపిదేవిలో గర్భగుడి ముందు నిలబడి కళ్ళు మూసుకున్న మనిషినే నేను. కానీ దేవుడి ఎదుట కూడా కలగని భయం, భక్తి రెండూ కలిసి ఆ మట్టి దారిలో కలిగాయి. నా ముందు ఒక బక్కపల్చటి మనిషి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, చెప్పులకి అంటిన బురద గట్టుకి రాస్తూ నడుస్తోంది. ఎవరూ లేనివాళ్ళందరికీ ఆమె ఉంది. దానికి ఆమె ఎవరి అనుమతీ అడగలేదు.

తర్వాత నాకు బందరు బదిలీ అయింది. అయినా కోతలయ్యే రోజులకి సెలవు పెట్టి వెళ్ళేదాన్ని. బిందె మోసేదాన్ని, అటు తిరిగి కూర్చునేదాన్ని. పిలుపు మాత్రం ఆమెదే.

ఆమెకి పిల్లల్లేరు. భర్త ఎప్పుడో పోయారు. ఆయన అన్న కొడుకు వచ్చి కర్మలన్నీ లోటు లేకుండా చేశాడు. మంచివాడు. గట్టు సంగతి అడిగితే, "ఆ భోజనాలు పిన్నికే తెలుసండీ, మాకేం తెలియవు," అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏముంది. అందరికీ తెలిసింది కాదు అది. నా బెంగ వేరే. ఆమె పిలిచేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. నాకు గట్టిగా గుర్తున్నది ఆ నలుగురే. మిగిలినవాళ్ళు ఈసారి నిజంగానే ఎవరూ లేనివాళ్ళయిపోతారా అని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. వాళ్ళ సంగతి సరే, ఇప్పుడు అత్తని ఎవరు పిలవాలి?

కుప్ప వేశామని కౌలు రైతు భార్య ఫోన్ చేసింది. వెళ్ళాను. నేను వెళ్ళేసరికే ఆమె విస్తళ్ళు కుట్టి ఉంచింది, కొత్త బియ్యం దంచి అన్నం వండింది. గట్టు మీద మోపెడ్ ఆపుకుని గాజుల సాయెబు గారు కూడా ఉన్నారు. నాట్లకీ కలుపుకీ వచ్చే ఇద్దరు ఆడవాళ్ళు కాస్త దూరంగా నిలబడ్డారు. నీళ్ళు పోశాం. పిలవమని అందరూ నా వైపు చూశారు. చదువుకున్నదాన్ననేమో.

తాతయ్యని పిలిచాను. పలుపు బాబాయిని పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గాజుల పిల్ల దగ్గరికి వచ్చేసరికి సాయెబు గారు ముందుకొచ్చి, కాగితంలో చుట్టిన ఆకుపచ్చ గాజులు విస్తరి పక్కన పెట్టారు. "అక్క ఏటా ఈ రంగే అడిగి తీసుకునేదమ్మా. ఈ పిల్ల నాకు కూతురు వరస అని చెప్పింది," అని, వంగి, "రామ్మా," అన్నారు. బిడ్డ తల్లిని కూడా పిలిచాక నాకు ఇంకెవరూ గుర్తు రాలేదు. ఇంకా విస్తళ్ళు ఉన్నాయి.

అప్పుడు కౌలు రైతు భార్య అందుకుంది. "కాలి కడియాల మామ్మా, రండి. ఒంటిచెవి పోగు మావయ్యా, మీరూ రండి." నేను ఆశ్చర్యంగా చూస్తే, "కలుపు తీసేటప్పుడు చెప్తుండేదండి, ఎవరు నాకు ఏమవుతారో," అంది. దూరంగా ఉన్న ఆడవాళ్ళు దగ్గరికొచ్చారు. ఒకామె తనకి అన్న వరసయ్యే అతన్ని పిలిచింది. రెండో ఆమె ఇద్దరు కవల పిల్లల్ని, బుగ్గలు పుణికినట్టు చేత్తో గాలిని తాకి, పిలిచింది. అత్త ఎవరికీ అందరినీ అప్పజెప్పలేదు. ఎవరి చుట్టాల్ని వాళ్ళకి ఇచ్చి వెళ్ళింది.

ఒక విస్తరి మిగిలింది. ముందుగా ఎవరూ అనుకోలేదు గానీ, అందరం ఒకేసారి పిలిచాం. నేను అత్తా అన్నాను. కౌలు రైతు భార్య వదినా అంది. సాయెబు గారు అక్కా అన్నారు. ఇంకెవరో పెద్దమ్మా అన్నారు.

తర్వాత విస్తళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాం. కబుర్లు చెప్పాలి కదా. అది ఎప్పుడూ అత్త పనే, మాకెవరికీ చేతకాదు. నాకు ఏడుపు ఆగడం లేదు. చివరికి కౌలు రైతు భార్య మోళ్ళ వైపు చూస్తూ నెమ్మదిగా మొదలుపెట్టింది.

"కుప్ప వేసేశాం వదినా. వాన పడలేదు, బతికిపోయాం. మినుము బాగానే మొలిచింది గానీ కాలవ పక్క మడిలో పల్చగా ఉంది. ఖాళీల్లో మళ్ళీ గింజ వెయ్యమంటావా, వదిలెయ్యమంటావా?"

అడిగి, ఆగింది. మేమందరం ఆగాం. సాయెబు గారు తల వంచుకున్నారు. ఆమె మెడ కాస్త పక్కకి వంచి అలాగే ఉంది.

"సరే వదినా, అట్టాగే చేస్తాం," అంది. తర్వాత వాళ్ళ గేదె ఈనిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.