ముందు ఆడు, బొమ్మ తర్వాత

మెట్‌పల్లిల పెయింటర్ సిద్దిరాములుకు ఒక్కటే యావ. బొమ్మ గీయించుకుందామని పోయినోళ్లు ఊకె కూసుంటే కుదరది, వేషం ఆడాలె. "ముందు ఆడు, బొమ్మ తర్వాత" అంటడు. కుంచె చెవి మీద పెట్టుకొని, చేతులు కట్టుకొని, మెడ జర వంచి చూస్తడు. వాళ్లు ఆడేదాక చూస్తనే ఉంటడు.

ఆంధ్రప్రదేశ్ అయిన మూడో ఏడు కిరాణ సేటు తన బొమ్మ దుకాణంల పెట్టుకుందామని పోయిండు. సిద్దిరాములు ఆయన నెత్తికి అట్ట కిరీటం పెట్టి, నువ్వు మయసభల దుర్యోధనుడివి, జారిపడు అన్నడు. పాపం సేటు పొద్దటి సంది పగటాల్ల దాక జారిపడ్డడు. నాలుగోసారికి నిజంగనే నడుము పట్టింది. తీరా బొమ్మ చూస్తే గద్దె మీద సక్కగ కూసున్నట్టుంది. ఇంకోసారి హోటల్ బోర్డు మీద బర్రెను గీయాల్సొస్తే, ఆ బర్రె ముంగట గంటసేపు తనే పద్యాలు పాడిండు, అది సుత ఏదన్న ఒకటి ఆడకపోతదా అని.

ఆయన పెండ్లాం యాదవ్వ గివన్ని చూసి నెత్తి కొట్టుకునేది. పద్దెనిమిదేండ్ల సంసారంల ఆమె బొమ్మ ఒక్కటి సుత ఇంట్ల లేదు. ఆమె ఆడనంటది, ఆడకుంటే ఆయన గీయనంటడు.

గీ పిచ్చి ఆయనకు నాటకాల కాడ పట్టింది. పడుచుతనంల ఓ నాటక కంపెనీల ద్వారపాలకుని వేషం కట్టిండు. "మహారాజా, దూత వచ్చియున్నాడు" అనేది ఒక్కటే మాట. స్టేజీ ఎక్కంగనే గదీ మర్చిపోయి, మహారాజుకు దండం పెట్టి దిగొచ్చిండు. అప్పటిసంది పరదాలకు రంగులేసుడే పని. అడివి పరదా మీది మోదుగు చెట్టుకు చిన్న బొక్క పెట్టుకొని, నాటకం అయ్యేదాక అండ్లకెల్లి జనాల మొఖాలు చూసెటోడు. వాళ్లు నవ్వితే నవ్వెటోడు, వాళ్లు ఏడిస్తే ముక్కు చీదుకునేటోడు.

పోయిన పెద్దలను తలుసుకునే పెత్రమాస అమాస తొమ్మిది రోజులుందనంగ కొమురవ్వ వచ్చింది. మగ్గం నేసే రాయమల్లు పెండ్లాం. రాయమల్లు జరమొచ్చి కాలం చేసి రెండేండ్లైంది. ఎన్నడు ఫోటో దిగిన మనిషి కాదు.

కొమురవ్వ గడప కాడనే నిలబడి, కొంగు వేలుకు చుట్టుకుంట చెప్పింది. "అన్నా, ఆయన మొఖం యాదికొస్తలేదు. కండ్లు మూసుకుంటె ముక్కొస్తది, మీసమొస్తది, అన్ని కలిసి రావు. పెద్దలకు బియ్యమిచ్చే నాటికి ఆయన బొమ్మ ముంగట పెట్టుకోవాలె."

యాదవ్వకు గుండె తరుక్కుపోయింది. సిద్దిరాములు మాత్రం కుంచె చెవి మీద పెట్టుకున్నడు. "ముందు ఆడు చెల్లె, బొమ్మ తర్వాత. రాయమల్లు బువ్వ కాడ ఎట్ల కూసుంటుండె?"

మొగడు పోయిన మనిషితోని గీ ఆటలేందని, ఆ రోజు యాదవ్వ ఆయనకు చారు పొయ్యలే. తెల్లారి సుత పొయ్యలే.

మొదటినాడు కొమురవ్వ తల వంచుకొని కూసుండి, అట్లనే ఇంటికి పోయింది. రెండోనాడు పీట మీద రాయమల్లు లెక్క ఒక కాలు మడిచి కూసున్నది. మూడోనాడు గొంతు లేచింది. ముద్ద నోట్ల పెట్టుకోకముందే ఆయన "ఉప్పేసినవా?" అని అడుగుతుండెనట. ఈమె ఒక్కనాడు ఉప్పు మర్చిపోలే, ఆయన ఒక్కనాడు అడుగుడు మానలే. తర్వాత తర్వాత, నీళ్లు తెమ్మంటే ఆయన దొంగ గురక పెట్టుడు, మగ్గం మీద బల్లిని చూసి, కింద కాళ్లు పెట్టుకునే గుంతలకెల్లి ఎగిరి దుంకుడు, అన్ని ఆడి చూపెట్టింది. ఎనిమిదోనాడు ఆ గురక పెట్టుకుంటనే నవ్వొచ్చి గోడకు ఒరిగింది, కండ్లెంబడి నీళ్లొచ్చేదాక నవ్వింది. సిద్దిరాములు కుంచె మాత్రం చెవి దిగలే.

ఎల్లుండే పెత్రమాస. యాదవ్వ పరేషానై, కొమురవ్వ అటు పోంగనే రంగుల అర్రలకు పోయి ఉన్నదంత గుంజి చూసింది. పాత దర్బారు పరదా వెనుక రాయమల్లు ఉన్నడు. సన్న మీసం, ఎడమ చెంప మీద గాటు, నవ్వబోతున్న కండ్లు. వేలు పెట్టి చూస్తే రంగు ఎప్పుడో ఎండి గట్టిపడ్డది.

"ఎన్నడు గీసినవ్?" అని నిలదీసింది.

"ఆమె వచ్చిన నాడే" అన్నడు సిద్దిరాములు. అడివి పరదా బొక్కలకెల్లి పదేండ్లు చూసిన మొఖమేనట. ఏ నాటకమైనా రాయమల్లు ముందటి వరుసలనే కూసునేటోడు.

"మరి ఆమెకు గిన్ని రోజులు గీ తండ్లాట ఎందుకు పెట్టినవ్?"

సిద్దిరాములు చెవి మీది కుంచె తీసి, తుడిచి, మళ్ల ఆడనే పెట్టుకున్నడు. "మొఖమంటే నేను గీస్త, యాదీ. ఆయన మాట, ఆయన గురక నేనెట్ల గీసేది? గవి ఆమె కాడనే ఉన్నయ్. బయటికి రావాలె గదా."

యాదవ్వ బొమ్మ అంచుకున్న దుమ్ము కొంగుతోని తుడిచింది. "మరి సేటును నాలుగుసార్లు ఎందుకు పడగొట్టినవ్?"

"గది నా సంతోషానికి."

ఆ రోజు ఆయనకు చారు దొరికింది.

పెత్రమాస నాడు యాదవ్వ కొమురవ్వ ఇంటికి పోయింది. బొమ్మకు బొట్టు పెట్టి, ముంగట విస్తరేసి, కొమురవ్వ అన్నం, చిక్కుడుకాయ కూర వడ్డించింది. రెండడుగులు వెనుకకు జరిగి, రాయమల్లు గొంతుతోని "ఉప్పేసినవా?" అన్నది. మళ్ల తన గొంతుతోని "ఏసిన, తిను" అన్నది. ఆడనే కూసున్న రాయమల్లు తల్లి మొదలు బిత్తరపోయింది, తర్వాత బోసినోటితోని నవ్వింది.

యాదవ్వ సక్కగ ఇంటికొచ్చింది. మొగని చెవి మీది కుంచె గుంజి తన చెవి మీద పెట్టుకున్నది. చేతులు కట్టుకొని, మెడ జర వంచి, అచ్చం ఆయన లెక్కనే అన్నది: "ముందు ఆడు, బొమ్మ తర్వాత."

సిద్దిరాములు నవ్వుకుంట ఉన్నకాడనే కూలబడ్డడు. నవ్వు ఆగినంక, వేరే కుంచె వెతుక్కున్నడు.

గా బొమ్మ వాళ్ల ఇంట్ల చానేండ్లు ఉన్నది. అండ్ల యాదవ్వ చెవి మీద కుంచె ఉంటది.